గురగురమనే గ్యాస్ గీజరు: నల్లగొండలో కంపెనీ సర్వీసు, బజారు మరమ్మతు

ఇది ఒక గ్యాస్ గీజరు గురించి, అది చప్పుడు చేయడం మొదలుపెట్టాక దాన్ని చూసిన రెండు సర్వీసుల గురించి రాస్తున్న సమీక్ష. గీజరు నిమిషానికి 6 లీటర్ల రకం, దేశమంతటా అమ్ముడుపోయే కంపెనీది. సర్వీసుల్లో ఒకటి ఆ కంపెనీ అధీకృత సర్వీసు, రెండోది నల్లగొండ ప్రకాశం బజారు పక్కన ఒక సందులో గ్యాస్ స్టవ్వులు, కుక్కర్లు బాగుచేసే చిన్న మడిగె. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయే ఇబ్బందులు నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడ వైపు బోరు నీళ్లు వాడే ఏ ఇంట్లోనైనా, ఏ కంపెనీ గీజరుకైనా రాగలవని నా అభిప్రాయం.

ముందుగా వస్తువు సంగతి. చలికాలం ఉదయం ఒకరి తరవాత ఒకరు వరసగా స్నానానికి వెళ్లే ఇంటికి 15 లీటర్ల కరెంటు గీజరు చాలదు, మొదటి మనిషి బయటికి వచ్చాక రెండో మనిషి నీళ్లు కాగేదాకా ఆగాల్సిందే. గ్యాస్ గీజరుకు ఆ బాధ లేదు. అయితే పెట్టె మీద కనిపించే 6 లీటర్లన్న అంకె లోపల నిల్వ ఉండే నీళ్లది కాదు, నిమిషానికి వచ్చే నీళ్లది, అదీ నీటి వేడిని 25 డిగ్రీలు పెంచినప్పటి లెక్క. ట్యాంకులో 20 డిగ్రీలున్న నీళ్లు 45 డిగ్రీలై రావడానికి ఆ అంకె సరిగ్గా సరిపోతుంది, అంతకన్నా ఉడుకుగా కావాలంటే ధార సన్నబడాలి. ఈ పనికి దాదాపు పదిన్నర కిలోవాట్ల వేడి అవసరం, అంటే స్నానాల గదిలో గోడకు బిగించే 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ కరెంటు గీజరు ఇచ్చేదానికి మూడింతలకు పైనే. వృథాగా పోయే వేడిని కూడా కలుపుకుంటే నిమిషానికి సుమారు 16 గ్రాముల గ్యాస్ కాలుతుంది, 14.2 కిలోల సిలిండరు ఏకధాటిగా మండితే పదిహేను గంటలలోపే ఖాళీ అవుతుంది. ఈ లెక్క తెలియక వంటింటి సిలిండరుకే గొట్టం కలిపి, గ్యాస్ త్వరగా అయిపోతున్నదని ఏజెన్సీ వాళ్లను అనుమానించేవాళ్లు మా కాలనీలోనే ఉన్నారు.

అమ్మేవాళ్లు అడగని, అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది, అది ట్యాంకు ఎత్తు. ఈ మోడలు వెలగడానికి నీటికి కనీసం 0.2 బార్ ఒత్తిడి కావాలని దాని పుస్తకంలో రాసి ఉంది. ట్యాంకులోని నీటి మట్టం గీజరు కన్నా ఎన్ని మీటర్లు పైన ఉంటే, మీటరుకు 0.1 బార్ చొప్పున అంత ఒత్తిడి వస్తుంది. స్లాబు మీద నేరుగా ట్యాంకు పెట్టుకున్న ఒంటి అంతస్తు ఇంట్లో, గోడకు ఐదడుగుల ఎత్తున గీజరు బిగిస్తే, దానికీ ట్యాంకు అడుగుకూ మధ్య రెండు మీటర్లు కూడా ఉండదు. అలాంటి చోట ట్యాంకు నిండుగా ఉన్నంతసేపు గీజరు బాగానే వెలుగుతుంది, మట్టం సగానికి దిగాక మొండికేస్తుంది, ఇంటివాళ్లు సెల్లులు మార్చి, రెగ్యులేటర్ మార్చి, చివరికి గీజరునే తిట్టుకుంటారు. మా ట్యాంకు మెట్ల గది పైన ఉంది కనుక ఆ ఇబ్బంది రాలేదు.

వెలిగే పద్ధతి కూడా కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే చప్పుళ్ల సంగతి అర్థం కాదు. నల్లా తిప్పగానే లోపలికి వచ్చే నీటి ఒత్తిడికి ఒక రబ్బరు పొర కదిలి చిన్న స్విచ్చును నొక్కుతుంది. రెండు పెద్ద సెల్లుల కరెంటుతో నిప్పురవ్వ పుడుతుంది, అదే సమయానికి వాల్వు తెరుచుకుని గ్యాస్ బర్నరులోకి వస్తుంది. మంట అంటుకున్నట్టు పక్కనే ఉన్న సెన్సారు పుల్ల గుర్తిస్తేనే వాల్వు తెరిచి ఉంటుంది, గుర్తించకపోతే కొన్ని క్షణాల్లో మూసుకుంటుంది. మంట పైన రాగి రేకుల గూడు, ఆ గూడు గుండా చుట్లు తిరిగిన రాగి గొట్టం ఉంటాయి. దాన్నే అందరూ కాయిల్ అంటారు. నీళ్లు ఆ గొట్టంలో కొద్ది క్షణాలే ఉండి కాగి బయటికి వస్తాయి.

కొన్న మొదటి చలికాలం గీజరు నోరు మెదపలేదు. తరవాతి చలికాలానికి అది మూడు రకాలుగా మోగడం మొదలుపెట్టింది. నల్లా తిప్పిన వెంటనే సన్నని ఈల ఒకటి. వెలిగే ముందు టిక్కుటిక్కుమని కాసేపు కొట్టుకుని, ఆ తరవాత ధబ్బున అంటుకోవడం రెండోది. కాసేపు నడిచాక లోపలి నుంచి గురగురమని మొదలై, నల్లా కట్టేశాక కూడా టక్కుటక్కుమంటూ సాగేది మూడోది. మూడోదానితోపాటు ధార సన్నబడింది. నల్లా ఒకసారి కట్టేసి మళ్లీ తిప్పితే మొదటి చెంబెడు నీళ్లు చేయి కాలేంత ఉడుకుగా వచ్చేవి. అప్పుడప్పుడు మధ్యలో ఆరిపోయేది కూడా.

కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫిర్యాదు నమోదు చేయడం సులువుగానే ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు సంఖ్య వెంటనే పంపారు. మనిషి రావడానికి మాత్రం వారం దాటింది. సూర్యాపేటకూ మిర్యాలగూడకూ నల్లగొండకూ కలిపి తానొక్కడినే తిరుగుతున్నానని ఆ కుర్రాడు చెప్పాడు. అతని మీద నాకు కోపం లేదు. బండి మీద అన్ని ఊళ్లు తిరిగే మనిషికి ఒక్కొక్క ఇంట్లో అరగంట కూడా దొరకదు. కానీ దొరికిన ఆ కొద్దిసేపట్లో అతడు చేసిన పని, పాత సెల్లులు తీసి సంచిలోని చవక సెల్లులు వేయడం, ముందు రేకు తుడవడం, వారంటీ కార్డు ఫొటో తీసుకోవడం. గీజరును వెలిగించి చప్పుడు వినమని అడిగితే ఒక్క నిమిషం నడిపించి, గురగుర మొదలయ్యేలోపే కట్టేశాడు.

"సార్, కాయిల్ పోయింది. కొత్తది వేయాలె, మూడు వేల పైన అయితది. లేకుంటే ఎక్స్ఛేంజ్ ఆఫర్ల కొత్త గీజరే తీసుకోండ్రి" అన్నాడు. కాయిల్‌కు వారంటీ ఉన్నది కదా అంటే, నీటి సున్నం వల్ల వచ్చే లోపానికి వారంటీ వర్తించదన్న చిన్న అక్షరాల వాక్యాన్ని చూపించాడు. ఆ వాక్యం నిజంగానే ఉంది. సున్నం పట్టడం వల్ల వచ్చిన లోపమేనని అలా అతడే తేల్చాక, మరి ఆ సున్నం తీయవచ్చు కదా అని అడిగాను. కంపెనీలో ఆ పని లేదనీ, మార్చడమే ఉందనీ జవాబు. విజిటింగ్ చార్జీ తీసుకుని ఓటీపీ అడిగాడు. పని కాలేదు కనుక ఓటీపీ ఇవ్వలేదు. అయినా సాయంత్రానికి "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది" అన్న సందేశం ఫోనుకు వచ్చింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఈ విషయం తెలిపాక కంపెనీ నుంచి ఒక అధికారి ఫోను చేసి, విజిటింగ్ చార్జీ తిరిగి జమ చేయించారు. గీజరు ఇంకా మోగుతున్నదా అని మాత్రం ఆయన కూడా అడగలేదు.

ప్రకాశం బజారు మడిగె పైకి చూడటానికి ఏమంత బాగుండదు. షటరు ముందు పాత స్టవ్వుల అస్థిపంజరాలు, లోపల మేకులకు వేలాడే ఇత్తడి బర్నర్లు, బల్ల మీద వాషర్ల డబ్బాలు కనిపిస్తాయి. యజమానికి అరవై ఏళ్లు దాటి ఉంటాయి. సంగతి చెప్పగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "నల్లా తిప్పంగనే మోగుతదా, నీళ్లు పడుతుంటే మోగుతదా, బంద్ చేసినంక మోగుతదా?" అని. మూడు సమయాల్లో మూడు రకాలుగా మోగుతుందని చెబితే, "అయితే మూడు రోగాలున్నయ్, ఒక్క మందుకు పోవు" అని సామాన్ల సంచి తీసుకుని ఇంటికి వచ్చారు.

ఇంట్లో ఆయన గీజరును విప్పే ముందు చేసిన పరీక్ష నాకు చాలా నచ్చింది. ఉడుకు నీళ్ల నల్లా కింద బకెట్ పెట్టి, ఫోనులో సమయం చూసుకుంటూ నింపారు. 18 లీటర్ల బకెట్ మూడు నిమిషాల్లో నిండవలసింది, అయిదు నిమిషాలు దాటినా అంచుకు రాలేదు. తరవాత గీజరులోకి వచ్చే చన్నీళ్ల గొట్టాన్నే విప్పి అదే బకెట్ పెడితే ధార ధాటిగా పడింది. ట్యాంకు నుంచి వచ్చే దారిలో ఏ తప్పూ లేదని, అడ్డు గీజరు లోపలే ఉందని ఆ ఒక్క పనితో తేలింది. ఈ పరీక్షకు పనిముట్లు అక్కరలేదు. ఆరు లీటర్ల గీజరు ఉన్న ఎవరైనా ఏడాదికి రెండుసార్లు చేసి చూసుకోవచ్చు, సమయం పెరుగుతూ పోతున్నదంటే లోపల సున్నం పెరుగుతున్నదని అర్థం.

ఈల సంగతి త్వరగా తేలిపోయింది. నీళ్లు లోపలికి వచ్చే చోట ఒక చిన్న జాలీ ఉంటుంది, అందులో బోరు ఇసుక, పైపుల తుక్కు చేరి సందు సగానికి పైగా మూసుకుపోయింది. ఇరుకు సందులోంచి నీళ్లు తోసుకురావడమే ఆ ఈల. పాత పళ్ల బ్రష్షుతో రుద్ది కడిగితే పోయింది. ముందు గీజరుకు నీళ్లు వచ్చే యాంగిల్ కాక్ కట్టేసుకుంటే ఈ పని ఇంట్లోనే ఎవరైనా చేసుకోగలరు.

ధబ్బుమనే చప్పుడును ఆయన తేలికగా తీసుకోలేదు, మనమూ తీసుకోకూడదు. గ్యాస్ వచ్చిన క్షణాన నిప్పురవ్వ అందుకోకపోతే, అందుకునేలోపు బర్నరు చుట్టూ గ్యాస్ పోగవుతుంది, ఆ పోగైనదంతా ఒక్కసారిగా అంటుకోవడమే ఆ చప్పుడు. ముదిరితే ముందు రేకు ఊడి పడవచ్చు, దగ్గర నిలబడినవారి కనుబొమలు కాలవచ్చు. మా గీజరులో దీనికి రెండు కారణాలు కనబడ్డాయి. బర్నరు గాలి పీల్చుకునే గొట్టాల మూతుల దగ్గర సాలెపురుగు గూడు కట్టింది, వేసవంతా వాడకుండా వదిలేసిన గీజర్లలో ఇది మామూలేనట. కంపెనీ మనిషి వేసిన కొత్త సెల్లులు కొద్ది రోజులకే నీరసించాయి. యజమాని గూడును మెత్తని బ్రష్షుతో తీశారు. గ్యాస్ వచ్చే సన్నని రంధ్రాల్లో పిన్నీసు పెట్టబోయిన తన దగ్గరి కుర్రాణ్ని చేయి పట్టి ఆపారు. రంధ్రం ఏమాత్రం పెద్దదైనా గ్యాస్ ఎక్కువై గాలి చాలక మంట పసుపుపచ్చగా మారుతుందని ఆయన వివరణ. నిప్పురవ్వ పుట్టే పుల్లకూ బర్నరుకూ మధ్య ఎడం కూడా సరిచేసి, ఆల్కలైన్ సెల్లులు వేయించారు. ఖరీదు రెండింతలకు పైనే, కానీ చలి ఉదయాల్లో తేడా తెలుస్తుంది.

అసలు రోగం మూడోది. కఠిన జలంలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేటు వేడి తగలగానే విడిపోయి, కరగని కాల్షియం కార్బనేటుగా మారి గొట్టం గోడకు అంటుకుంటుంది. నీళ్లు 60 డిగ్రీలు దాటాయంటే ఈ పని ఇంకా జోరందుకుంటుంది. రాగితో పోలిస్తే ఈ సున్నపు పొర వేడిని నూరు రెట్లకు పైగా తక్కువగా ప్రసరింపజేస్తుంది. మంట వేడి నీటికి త్వరగా చేరక గొట్టం గోడ మరిగే స్థాయికి వేడెక్కుతుంది, అక్కడక్కడ నీళ్లు ఆవిరి బుడగలై, పక్కన చల్లని నీళ్లు తగలగానే పగిలిపోతాయి. ఆ బుడగలు పుట్టి పగలడమే గురగుర. నల్లా కట్టేశాక గొట్టంలో ఆగిపోయిన నీళ్లను రాగి గూట్లో మిగిలిన వేడి మరిగిస్తుంది కనుక చప్పుడు మరి కాసేపు సాగుతుంది, మళ్లీ తిప్పినప్పుడు చేయి కాలేది కూడా ఆ నీళ్లకే. మధ్యలో ఆరిపోవడం గీజరు లోపం కాదు, గొట్టం అతిగా వేడెక్కినప్పుడు గ్యాస్ ఆపేసే రక్షణ సెన్సారు తన పని తాను చేయడమే.

ఈ సెన్సారు దగ్గరే నేను మడిగె మీద ఒక నక్షత్రం తగ్గిస్తున్నాను. కుర్రాడు చాలా మామూలుగా, "సెన్సార్ డైరెక్ట్ చేస్తే మల్ల ఆరదు సార్" అన్నాడు. వైర్లు రెండూ కలిపేస్తే గీజరుకు తాను వేడెక్కుతున్నట్టు తెలియదు, గొట్టం చిల్లిపడేదాకో అతుకు ఊడేదాకో మండుతూనే ఉంటుంది. యజమాని వెంటనే, "అది పానం మీదికి తెచ్చే పని, మన మడిగెల చెయ్యం" అని గద్దించిన మాట నిజమే. అయినా కుర్రాడి నోటికి ఆ మాట అంత అలవాటుగా వచ్చిందంటే, ఊళ్లో ఎక్కడో ఒకచోట ఆ పని జరుగుతూనే ఉందని అనుకోవలసి వస్తుంది. ఎవరి చేత బాగుచేయించినా, సెన్సారు డైరెక్ట్ చేయలేదు కదా అని అడిగి, విప్పిన మూత కింద వైర్లను చూసుకున్నాకే డబ్బులివ్వాలి.

కాయిల్‌ను విప్పి మడిగెకు పట్టుకెళ్లారు, నేనూ వెంట వెళ్లాను. బల్ల మీద తిరగేసి చెక్క పిడితో తట్టితే పెసరపప్పు బద్దలంత తెల్లని పెళ్లలు రాలాయి. కుర్రాడు బాత్రూం కడిగే యాసిడ్ సీసా అందుకోబోతే దానికీ యజమానే అడ్డు చెప్పారు. ఆ సీసాలో ఉండే హైడ్రోక్లోరిక్ ఆమ్లం సున్నాన్ని నిమిషాల్లో తినేస్తుంది, ఆ తరవాత ఇత్తడి అతుకుల జోలికి వస్తుంది. ఆయన వాడింది కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, లీటరు గోరువెచ్చని నీటికి సుమారు 50 గ్రాముల చొప్పున. ప్లాస్టిక్ బకెట్‌లో ఆ నీళ్లు కలిపి, పాత ఎయిర్ కూలర్‌లోని చిన్న మోటారును అందులో ముంచి, దాని గొట్టాన్ని కాయిల్ ఒక మూతికి, ఇంకో గొట్టాన్ని రెండో మూతి నుంచి మళ్లీ బకెట్‌లోకి కలిపారు. మొదట ధార బొట్లుబొట్లుగా వచ్చింది, కాసేపటికి తెల్లని నురుగుతో కలిసి సన్నని ధారైంది, నురుగు తగ్గేసరికి వేలెడు లావున పడసాగింది. నురుగు వస్తున్నంతసేపు సున్నం కరుగుతున్నట్టు లెక్క, ఆగిపోతే ఇక కరగడానికి సున్నం లేదనో నిమ్మ ఉప్పు చచ్చుబడిందనో తెలుసుకోవాలి. ఆయన మరికొంత నిమ్మ ఉప్పు వేసి చూసి, నురుగు రాకపోవడంతో ఆపేశారు. నీళ్లు నీలి ఆకుపచ్చ రంగుకు తిరిగితే రాగి కరుగుతున్నదని అర్థం, ఇక ఒక్క క్షణం కూడా ఉంచకూడదని చెప్పారు. చివర వంట సోడా కలిపిన నీళ్లు, ఆ తరవాత మంచినీళ్లు తిప్పి కడిగారు.

తిరిగి బిగించేటప్పుడు పాత రబ్బరు వాషర్లు వాడకుండా కొత్తవి వేశారు. గ్యాస్ వచ్చే ప్రతి అతుకు మీదా సబ్బు నురుగు రాసి బుడగలు లేస్తున్నాయేమో చూశారు. గొట్టం మీది తేదీ చూసి, అయిదేళ్లు దాటబోతున్నదని, ఏజెన్సీలో ఐఎస్ఐ గుర్తున్న సురక్షా గొట్టం తెచ్చుకోమని చెప్పారు. తన దగ్గర ఉన్న మామూలు గొట్టం అమ్మే ప్రయత్నం చేయలేదు. గీజరు వెలిగించాక నీలి మంట చూపించి, పసుపుపచ్చగా మారినా, రేకుల మీద మసి కనబడినా వాడకుండా తనకు ఫోను చేయమన్నారు.

మంట రంగు గురించి ఆయన అంతగా చెప్పడానికి తగిన కారణమే ఉంది. గాలి చాలక పసుపుపచ్చగా మండే మంట నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగు లేదు, వాసన లేదు. కిలో గ్యాస్ పూర్తిగా కాలడానికి దాదాపు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. పది నిమిషాల స్నానానికి కాలే 160 గ్రాములకు సుమారు 2 ఘనపు మీటర్లవుతుంది. అయిదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు ఉన్న మామూలు స్నానాల గదిలో ఉన్న గాలి మొత్తం 7 ఘనపు మీటర్లు కూడా ఉండదు. తలుపు బిగించుకుని, చలిగాలి వస్తున్నదని కిటికీ కూడా మూసుకుని, లోపలే గీజరు వెలిగిస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. గ్యాస్ గీజరు ఉన్న మూసిన స్నానాల గదుల్లో మనుషులు స్పృహ తప్పడం, ప్రాణాలు పోవడం మన దేశంలో ఏటా చలికాలం పత్రికల్లో కనిపించే వార్తే. ఇది తెలిసి కూడా, గీజరు బిగించడానికి వచ్చిన డీలరు మనిషి పైపు ఖర్చు తగ్గుతుందని స్నానాల గదిలోనే పెట్టమని పట్టుబట్టాడు. మేము పెరటి వసారాలో, పై గోడ లేని చోట పెట్టించాము. గ్యాస్ కారిన వాసన వస్తే స్విచ్చులు వేయకుండా తలుపులు తెరిచి, సిలిండరు కట్టేసి, 1906కు ఫోను చేయాలన్నది గీజరు పక్కనే గోడ మీద రాసి పెట్టుకున్నాము.

నీళ్ల సంగతి ఒకటి మిగిలింది. మా వైపు ఏ వస్తువు పాడైనా "ఫ్లోరైడ్ నీళ్లు కదా" అనడం అలవాటు. ఫ్లోరైడ్ పళ్లకూ ఎముకలకూ చేసిన హాని మర్రిగూడ, మునుగోడు వైపు వెళ్లినవారికి చెప్పనక్కరలేదు. ఫ్లోరైడ్ తొలగించడానికి జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే స్థిరపడింది. కానీ గీజరు గొట్టంలో పేరుకునేది ఫ్లోరైడ్ కాదు, సున్నం. నిజానికి భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్నచోట కాల్షియం తక్కువగా ఉండటమే ఎక్కువ, ఎందుకంటే కాల్షియం సమృద్ధిగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి అడుగున పడిపోతుంది. కాబట్టి ఫ్లోరైడ్ పరీక్ష చేయించిన కాగితం చూసి గీజరు సంగతి తేల్చలేము, మొత్తం కాఠిన్యం ఎంతో చూడాలి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు ఉంటే మేలు, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. తాగడానికి ఒప్పుకున్న 600 గీజరుకు మాత్రం గడ్డుకాలమే.

నల్లాకు వచ్చే మిషన్ భగీరథ నీళ్లు, పానగల్లు ఉదయ సముద్రం మీదుగా వచ్చే కృష్ణా నీళ్లు బోరు నీళ్లంత సున్నం పెట్టవు. కానీ చాలా ఇళ్లలో వాటిని తాగడానికి, వంటకు సంపులో పట్టుకుని, పై ట్యాంకుకు బోరు నీళ్లే ఎక్కిస్తారు, మా ఇంట్లోనూ అంతే. గీజరుకు వేరుగా చిన్న ట్యాంకు పెట్టి కృష్ణా నీళ్లు ఇవ్వగలిగితే అంతకు మించిన మందు లేదని యజమాని అభిప్రాయం, నాకూ సబబుగానే తోచింది. అయస్కాంతం చుట్టి సున్నం పట్టకుండా చేస్తామనే పరికరాల మీద నాకు నమ్మకం లేదు. ఖర్చు లేని ఉపాయం ఒకటుంది, నీళ్లను పొగలు కక్కేలా కాచి చన్నీళ్లు కలుపుకునే బదులు, గీజరు గ్యాస్ మరను తగ్గించి నేరుగా స్నానానికి సరిపడే వేడికే పెట్టుకోవడం. సున్నం తక్కువగా పేరుకుంటుంది.

మరమ్మతు తరవాత గురగుర పూర్తిగా పోయింది, ధబ్బు పోయింది, బకెట్ మూడు నిమిషాలకు కొంచెం అటూఇటూగా నిండుతోంది. మడిగెలో తీసుకున్న డబ్బు, కొత్త సెల్లులు, వాషర్లతో కలిపి, కంపెనీ మనిషి చెప్పిన దానిలో నాలుగో వంతు కూడా కాలేదు. ఇక మడిగె లోపాలు. బిల్లు అడిగితే గాని ఇవ్వరు, ఇచ్చింది కూడా చిట్టీ మీద చేతిరాతే. హామీ ఏమిటంటే, "మోగితే తీసుకరాండ్రి" అన్న మాటే. మరునాడు ఇస్తామన్న కాయిల్‌ను పనుల రద్దీ అంటూ రెండు వాయిదాలు వేశారు, అన్నాళ్లూ స్టవ్వు మీదే నీళ్లు కాచుకున్నాము. ముందు రేకుకు ఒక స్క్రూ ఇప్పటికీ లేదు.

గీజరుకు అయిదింటికి మూడున్నర ఇస్తాను. కొనేవాళ్లు ఐఎస్ 15558 గుర్తు ఉందో లేదో చూసుకోవాలి, ట్యాంకు ఎత్తు కొలుచుకోవాలి, బిగించడానికి గాలి ఆడే చోటు లేకపోతే కొననే కూడదు. కంపెనీ సర్వీసుకు ఒకటిన్నర, ఆ అర కూడా ఫిర్యాదు తీసుకున్న అమ్మాయి మర్యాదకు. మడిగెకు నాలుగు. అక్కడికి వెళ్లదలచినవారు దీపావళి దాటకముందే వెళ్లడం మంచిది. చలి ముదిరాక సంక్రాంతి దాకా ఆయన ఇళ్లకు రావడం మానేస్తారు, కాయిల్‌ను మనమే విప్పి పట్టుకెళ్లాలి. పట్టుకెళ్లేటప్పుడు పాత వాషర్లను కూడా తీసుకెళ్తే, డబ్బాలో వాటి సైజు వెతకడం ఆయనకు తేలికవుతుంది.